పది సిట్టింగులు అయినా నడుం నొప్పి తగ్గలేదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెలల తరబడి వదలని నడుం నొప్పుల గురించే. నొప్పి మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, ఫిజియోథెరపీ నిపుణుల చేత జవాబులు రాయించాం.

నా వయసు 42. బ్యాంకు ఉద్యోగం. ఏడాదిగా నడుం నొప్పి. కూర్చుంటే ఎక్కువవుతుంది, నడిస్తే కాస్త నయం. కాళ్లలో తిమ్మిరి లేదు. ఎంఆర్ఐలో రెండు చోట్ల డిస్క్ బల్జ్ అని వచ్చింది. పది సిట్టింగులు కరెంటు, ట్రాక్షన్ (నడుమును సాగదీయడం) పెట్టించుకున్నాను. పెట్టించుకున్నన్నాళ్లు హాయిగా ఉంది, మానేసిన వారానికే మళ్లీ మొదలైంది. ఆపరేషన్ తప్పదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

నొప్పి కాలిలోకి దిగడం లేదు, తిమ్మిరి లేదు, కాలి బలం తగ్గలేదు. ఇలాంటి స్థితిలో ఆపరేషన్ ఆలోచన అక్కర్లేదు.

ముందు ఆ రిపోర్టు భయం వదిలించుకోండి. డిస్క్ బల్జ్ అంటే వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్కు కాస్త ఉబ్బడం. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను ఒకచోట చేర్చిన సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ కనబడింది. మీ ఈడు వాళ్లలో అది సగం మందికి ఉంది. జుట్టు నెరిసినట్టే డిస్కుకూ వయసు వస్తుంది. రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన మీ నొప్పికి కారణం అదేనని తేల్చలేం.

ఇక కరెంటు సంగతి. నొప్పి చోట సన్నటి కరెంటు పంపే ఐఎఫ్‌టీ, ధ్వని తరంగాలు పంపే అల్ట్రాసౌండ్ లాంటి యంత్రాలు నొప్పి తెలియకుండా చేసేది కొన్ని గంటలే. నడుముకు పని చేసే శక్తి మాత్రం వాటితో రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, నడుం బెల్టు వాడొద్దని, వ్యాయామాన్ని చికిత్సలో భాగం చేయాలని అందులో ఉంది. పది సిట్టింగులూ బల్ల మీద పడుకోవడంతోనే గడిచిపోయి ఉంటే, మీకు అసలు చికిత్స ఇంకా మొదలే కాలేదు.

సరైన ఫిజియోథెరపిస్టు మొదటి రోజు యంత్రం దగ్గరికి తీసుకెళ్లరు. ముందుకీ వెనక్కీ పదేసి సార్లు వంచి ఏ వైపు నొప్పి పెరుగుతోందో చూస్తారు. కాలు నిటారుగా లేపి చూస్తారు. బొటనవేలి బలం, మోకాలి దగ్గరి రిఫ్లెక్స్, తుంటి కీలు పరీక్షిస్తారు. ఇవేవీ చేయకుండా ప్యాడ్లు అంటించేస్తుంటే వేరే చోటు చూసుకోవాలి.

మీలా కూర్చుంటే నొప్పి వచ్చేవాళ్లకు కెనడా పరిశోధకుడు స్టూవర్ట్ మెక్‌గిల్ చెప్పిన మూడు వ్యాయామాలు బాగా సరిపోతాయి.

కర్ల్ అప్: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండోది చాపండి. నడుముకూ నేలకూ మధ్య ఉండే సందులో రెండు అరచేతులూ పెట్టండి. తల, భుజాలు కలిపి అంగుళం మాత్రమే లేపండి. గడ్డం ఛాతీకి ఆనిందంటే మెడతో లాగుతున్నారని అర్థం. చేతుల మీద నడుము ఒత్తుకుపోతే మరీ ఎక్కువ లేపారని అర్థం.

సైడ్ బ్రిడ్జ్: పక్కకు తిరిగి పడుకుని, మోచేయి సరిగ్గా భుజం కింద ఉంచి, మోకాళ్లు మడిచి తుంటి పైకి లేపండి. భుజం నుంచి మోకాలి దాకా ఒకే గీతలా ఉండాలి. భుజం నొప్పి ఉన్నవాళ్లు నేల మీద కాకుండా గోడకు మోచేయి ఆనించి, నిలబడి చేయొచ్చు.

బర్డ్ డాగ్: అరచేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చేయి, ఎడమ కాలు చాపండి. తర్వాత రెండో వైపు. అందరూ చేసే తప్పు కాలిని తుంటి కంటే పైకి లేపడం. దాంతో నడుములో గుంట పడి కీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. నడుం మీద ఒక పుస్తకం పెట్టుకుని చేయండి. అది జారితే కటి భాగం పక్కకు తిరుగుతోందన్నమాట.

ఒక్కోసారి 8 నుంచి 10 సెకన్లు ఆపాలి, ఊపిరి బిగబట్టకూడదు. మొదట ఆరు సార్లు, అర నిమిషం విశ్రాంతి, తర్వాత నాలుగు సార్లు, మళ్లీ విశ్రాంతి, చివర రెండు సార్లు. బలం వచ్చాక సార్లు పెంచండి గానీ ఆపే సమయాన్ని పది సెకన్లు దాటించొద్దు. కండరం ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తూ పోతేనే ఓర్పు పెరుగుతుంది. వీటికి తోడు రోజూ 15 నిమిషాల చొప్పున రెండుసార్లు చురుగ్గా నడవండి. కాలివేళ్లు అందుకోవడం, పూర్తిగా లేచి కూర్చునే సిటప్స్ ప్రస్తుతానికి మానేయండి.

నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో గమనించుకోండి. వ్యాయామంలో మూడు దాకా వచ్చి, మర్నాడు పొద్దుటికి మామూలైతే ఫరవాలేదు. అంతకంటే ఎక్కువైతే సార్లు సగానికి తగ్గించండి, పూర్తిగా మానొద్దు. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలో, నొప్పి ఇంకా ఉందని వదిలేస్తారు. అక్కడే చికిత్స చెడుతుంది.

కౌంటర్లో కుర్చీ ఎత్తు తుంటి కీళ్లు మోకాళ్ల కంటే కొంచెం పైన ఉండేలా సర్దుకోండి. తువ్వాలు చుట్టి నడుం వెనక, ప్యాంటు బెల్టు ఎత్తులో పెట్టుకోండి. ఎంత మంచి కుర్చీ అయినా అరగంటకోసారి లేవాల్సిందే.

మా అమ్మకు 50 ఏళ్లు. నాట్లకు, కలుపుకు కూలికి పోతుంది. సీజన్ వస్తే రాత్రి నడుం పట్టేసి పక్కకు కూడా తిరగలేదు. డాక్టరేమో వంగి పని చేయొద్దంటారు. వంగకుండా నాటు వేసేదెట్లా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

వంగొద్దంటే కూలి మానుకోమన్నట్టే, కాబట్టి ఆ సలహా పక్కన పెట్టండి. అమ్మగారి నడుమును దెబ్బతీసేది వంగడం కంటే, లేవకుండా గంటల తరబడి వంగి ఉండటం, లేచిన వెంటనే బరువెత్తడం.

పూర్తిగా వంగి ఉన్నప్పుడు వెన్ను కండరాలు పని వదిలేస్తాయి. ఒంటి బరువంతా వెన్నుపూసలను కట్టి ఉంచే లిగమెంట్ల మీద, డిస్కు వెనక పొర మీద పడుతుంది. అవి మెల్లగా సాగుతాయి. ఇరవై నిమిషాలు అలా వంగి ఉన్నాక నిలబడితే మొదటి రెండు నిమిషాల్లో సగం దాకా కోలుకుంటాయి. మిగతా సగానికి అరగంట కూడా చాలదు. అలా సాగి ఉన్న సమయంలో నారు కట్ట ఎత్తి గట్టు మీంచి విసిరితే నడుం పట్టేస్తుంది.

అందుకని మునుం చివరికి వచ్చినప్పుడల్లా, లేదా 15-20 నిమిషాలకోసారి నిలబడాలి. రెండు చేతులూ నడుం మీద పెట్టి, మోకాళ్లు వంచకుండా, ఎంత వీలైతే అంత వెనక్కి వంగాలి. అక్కడ రెండు సెకన్లు ఆగాలి. ఇలా అయిదు సార్లు. ఆ తర్వాత రెండు నిమిషాలు నిలబడో నడిచో, అప్పుడే నారు కట్టలు అందుకోవాలి. ఒక్కరే నిలబడితే మేస్త్రీ మాట అంటాడని ఆడవాళ్లు జంకుతారు. మునుంలో అందరూ కలిసి చేస్తే ఆ ఇబ్బంది ఉండదు, పని వేగం కూడా తగ్గదు.

నాటేటప్పుడు మోకాళ్లు కొద్దిగా మడిచి, పిరుదులు వెనక్కి నెట్టి, తుంటి దగ్గర వంగాలి. నారు పట్టుకున్న చేతి మోచేతిని అదే వైపు తొడకు ఆనిస్తే పైభాగం బరువులో కొంత తొడ మోస్తుంది. వరిలో కలుపుకు నిలబడి నెట్టే కోనో వీడర్ వాడే వీలుంటే అది నడుముకు చాలా మేలు. వరుసల్లో నాటి ఉంటేనే అది నడుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి పొద్దుటి పూటది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మన ఎత్తు ఒక సెంటీమీటరుకు పైగానే పెరిగి ఉంటుంది. లేచిన మొదటి గంటలోనే అందులో సగానికి పైగా తగ్గిపోతుంది. ఉబ్బి ఉన్నప్పుడు వంగితే డిస్కు మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. పొద్దుటి పూట వంగడం మానిపించి చూసిన ఒక పరిశోధనలో (1998) నొప్పి ఉన్న రోజులు స్పష్టంగా తగ్గాయి. మన ఇళ్లలో లేవగానే చేసేవన్నీ వంగే పనులే: వాకిలి ఊడవడం, కల్లాపి, ముగ్గు. చీపురుకు పొడుగు కర్ర కట్టండి. ముగ్గు ఒక గంట ఆగి వేయండి, లేదా అమ్మగారి బదులు మీరు వేయండి.

సీజనుకు ఆరు వారాల ముందు నుంచే కాళ్లకు, నడుముకు బలం పెంచాలి. చేతుల సాయం లేకుండా స్టూలు మీంచి లేచి కూర్చోవడం పది సార్లు చొప్పున మూడు విడతలు, పైన చెప్పిన బర్డ్ డాగ్, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు లేపే బ్రిడ్జ్ పది సార్లు చేస్తే చాలు. నాట్లు మొదలయ్యాక కొత్తగా బలం పెంచే వ్యాయామాలు పెట్టుకోవద్దు. పనితో అలసిన కండరం మీద అది అదనపు బరువు అవుతుంది.

కువైట్‌లో లారీ డ్రైవర్ని. వయసు 37. రెండు నెలలుగా నడుం నుంచి పిక్క దాకా లాగుతోంది, కాలి చిటికెన వేలు తిమ్మిరి. తొడ వెనక నరం పట్టేసిందని తువ్వాలుతో కాలు లాగి స్ట్రెచింగ్ చేస్తున్నాను. ఇంకా ఎక్కువైంది.
– ఒక పాఠకుడు (కడప జిల్లా)

ఆ స్ట్రెచింగ్ ఈరోజే ఆపేయండి. బిగుసుకున్నది తొడ కండరం అనిపిస్తుంది గానీ, అక్కడ లాగుతున్నది నడుములో ఒరుసుకుని వాచిన సయాటిక్ నరం. వాచిన నరాన్ని లాగితే ఇంకా రేగుతుంది.

న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ పద్ధతి ప్రయత్నించండి. గట్టి పరుపు మీదో చాప మీదో బోర్లా మూడు నిమిషాలు పడుకోండి. తర్వాత మోచేతుల మీద లేచి మూడు నిమిషాలు ఉండండి. అది కుదిరితే అరచేతులతో నేలను నెట్టి ఛాతీని పైకి లేపండి, దించండి, పది సార్లు. పొట్ట కింది భాగం నేలకే ఆని ఉండాలి. పిరుదులు బిగించకూడదు, చేతులే పని చేయాలి. రెండు మూడు గంటలకోసారి చేయండి.

ఇందులో చూసుకోవాల్సింది నొప్పి ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. పిక్కలో నొప్పి తొడకు, తొడ నుంచి పిరుదుకు, అక్కడి నుంచి నడుముకు జరుగుతుంటే సరైన దారిలో ఉన్నట్టే, నడుములో నొప్పి కాసేపు పెరిగినా సరే. నొప్పి కిందికి పాకినా, వేలి తిమ్మిరి పెరిగినా వెంటనే ఆపండి. అది మీకు సరిపడే వ్యాయామం కాదు.

వెనక జేబులో పర్సు తీసేయండి. సీటు వీపును కొద్దిగా వెనక్కి వాల్చి, నడుం దగ్గర తువ్వాలు చుట్ట పెట్టండి. గంటకోసారి దిగి నడవండి. దూర ప్రయాణం తర్వాత బండి దిగిన వెంటనే సరుకు దించే పనిలో చేయి పెట్టొద్దు. జారిన డిస్కు ముక్కలు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే కుంచించుకుపోతాయి, కాబట్టి ధైర్యంగా ఉండండి.

అయితే మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ లేకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన అత్యవసరం. రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. పాదం పైకి లేవక నేలకు ఈడ్చుకుంటుంటే అదే రోజు డాక్టర్ని కలవాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వ్యాయామం పక్కన పెట్టి పరీక్షలు చేయించాలి. మన దగ్గర వెన్నెముకకు వచ్చే టీబీని మరిచిపోకూడదు.

మా అమ్మగారికి 68. అయిదు నిమిషాలు నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి మొద్దుబారతాయి. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. వీడియోలు చూసి బోర్లా పడుకుని లేచే వ్యాయామం చేయించాం, నొప్పి పెరిగింది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

లారీ డ్రైవరుకు మందయ్యే వ్యాయామం మీ అమ్మగారికి హాని చేస్తుంది. ఈ లక్షణాలు వెన్నులో నరాలుండే దారి ఇరుకైనప్పుడు కనిపించేవి. వెనక్కి వంగితే ఆ దారి ఇంకా మూసుకుంటుంది, ముందుకు వంగితే తెరుచుకుంటుంది. సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలి నడిస్తే ఎక్కువ దూరం నడవగలుగుతున్నారేమో గమనించండి.

ఆమెకు పనికొచ్చేవి ఇవి: వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ ఛాతీ వైపు తెచ్చుకుని 15 సెకన్లు ఆపడం, అయిదు సార్లు. కుర్చీలో కూర్చుని ముందుకు వంగి చేతులు పాదాల వైపు వదలడం. ఇంట్లో కదలని సైకిలు ఉంటే హ్యాండిల్ మీదికి వంగి పది నిమిషాలు తొక్కడం. ఎముకలు గుల్లబారాయని తేలిన వాళ్లు మాత్రం ముందుకు బాగా వంగే వ్యాయామాలు అడగకుండా చేయకూడదు, వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది.

నడకను ముక్కలు చేయండి. అయిదు నిమిషాలకు కాళ్లు మొద్దుబారుతుంటే నాలుగు నిమిషాలకే ఆపి కూర్చోబెట్టండి, మళ్లీ నాలుగు నిమిషాలు. ఇలా నాలుగైదు సార్లు. వారానికి అర నిమిషం చొప్పున పెంచండి.

కూర్చోకుండా, నిటారుగా నిలబడినా చాలు తగ్గిపోతోందంటే అది కాళ్ల రక్తనాళాల సమస్య కావచ్చు. సుగర్ ఉన్నవాళ్లలో, పొగతాగేవాళ్లలో ఇది ఎక్కువ. పాదం దగ్గర నాడి పరీక్ష చేయించండి.

సిజేరియన్ అయి ఎనిమిది నెలలు. అప్పుడు వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లే జీవితాంతం నడుం నొప్పి ఉంటుందని అత్తయ్య వాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

కాదు. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు. నెలల తరబడి ఉండే నడుం నొప్పికి దానితో సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. మత్తు ఇంజెక్షన్ లేకుండా మామూలు కాన్పు అయిన వాళ్లలోనూ ఈ నొప్పి ఉంటుంది.

అసలు కారణం పొట్ట కండరాలు. తొమ్మిది నెలలు సాగిన కండరాలు మధ్యలో విడిపోయి ఉంటాయి. పైగా పాలిచ్చేటప్పుడు వంగి కూర్చోవడం, బిడ్డను ఒకే వైపు చంకనేసుకోవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొద్దిగా లేపి, బొడ్డు పైనా కిందా వేళ్లతో నొక్కి చూడండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగిలితే, లేదా మధ్యలో గట్టులా ఉబ్బితే, సిటప్స్ జోలికి పోకుండా ఫిజియోథెరపిస్టును కలవండి.

ఊపిరి వదులుతూ బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి తీసుకుని పది సెకన్లు ఆపడం పది సార్లు, మూత్రం ఆపుకున్నట్టు కటి కండరాలు బిగించి అయిదు సెకన్లు ఆపి వదలడం పది సార్లు, రోజుకు మూడు పూటలా చేయండి. రెండు వారాల తర్వాత బ్రిడ్జ్, బర్డ్ డాగ్ కలపండి. పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండు పెట్టి బిడ్డను మీ ఎత్తుకు తెచ్చుకోండి, మీరు బిడ్డ మీదికి వంగొద్దు.

వయసు 26. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది. లేచాక గంటసేపు నడుం కొయ్యబారి ఉంటుంది, తిరిగితే తగ్గుతుంది. ఆరు నెలలైంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

ముందు రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరు) కలవండి. చిన్న వయసులో మెల్లగా మొదలై, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నొప్పి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) కావచ్చు. రక్తంలో సీఆర్పీ (ఒంట్లో వాపును తెలిపే పరీక్ష), హెచ్ఎల్ఏ-బీ27 (ఈ జబ్బుతో ముడిపడిన జన్యువు), కటి కీళ్ల ఎంఆర్ఐ చూస్తారు. బీ27 పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. మందులు, రోజువారీ వ్యాయామం రెండూ ఇందులో తప్పనిసరి. సిగరెట్ అలవాటుంటే మానాలి, అది వెన్ను బిగుసుకుపోవడాన్ని పెంచుతుంది.

వయసు 47. ఒళ్లంతా నొప్పులు. థైరాయిడ్, విటమిన్ డి, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. కాస్త బాగున్న రోజు ఇల్లంతా సర్దేస్తాను, తర్వాత రెండు రోజులు మంచం దిగలేను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే చికిత్స మొదలవ్వాలి. బాగున్న రోజున అతిగా చేసి, బాగాలేని రోజున ఏమీ చేయకపోవడం వల్ల నరాల వ్యవస్థ ఇంకా సున్నితమవుతుంది. పనిని నొప్పిని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి ఆపాలి.

ఒక పని తీసుకోండి, ఉదాహరణకు నిలబడి వంట. నొప్పి పెరగకముందు ఎంతసేపు చేయగలరో మూడు రోజులు చూసి సగటు తీయండి. పాతిక నిమిషాలు వచ్చిందనుకుందాం. అందులో అయిదో వంతు తగ్గించి ఇరవై నిమిషాలకే ఆపండి. బాగున్న రోజూ ఇరవై నిమిషాలే, బాగాలేని రోజూ ఇరవై నిమిషాలే. వారానికి పదో వంతు పెంచండి. మధ్యలో కూరగాయలు కూర్చుని తరగడం లాంటి పని పెట్టుకోండి. బాగున్న రోజున ఆపడమే అన్నిటికంటే కష్టం, ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

నడక అయిదు నిమిషాలతో మొదలుపెట్టి రెండు మూడు నెలల్లో అరగంటకు చేర్చండి. నిద్ర సరిగా లేకపోతే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది, నొప్పితో నిద్ర చెడుతుంది.

క్లుప్తంగా

బెల్టు: ప్రయాణంలో గంటో రెండు గంటలో ధైర్యం కోసం పెట్టుకుంటే నష్టం లేదు. రోజంతా వద్దు.

చెక్క మీద పడుకోవడం: అవసరం లేదు. 2003లో 313 మందిపై చేసిన పరీక్షలో గట్టి పరుపు కంటే మధ్యస్తంగా ఉన్న పరుపు వాడినవాళ్లకే ఎక్కువ ఉపశమనం కలిగింది. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద, పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి.

వేడా, ఐసా: కొత్తగా బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు ఐసు, పాత నొప్పికి వేడి కాపడం, 15-20 నిమిషాలు. సుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు కాపడం పెట్టే ముందు వేడి ఎంతుందో ఇంట్లో మరొకరి చేత చూపించుకోవాలి. వేడి సంచి మీద పడుకుని నిద్రపోకూడదు, బొబ్బలెక్కినా తెలియదు.